యుద్ధం మీద వాదనకు దిగేముందు: ఏ ఆర్థిక విశ్లేషణ దేనికి పనికొస్తుంది?

2022 మార్చి మొదటి ఆదివారం. మా స్టడీ సర్కిల్‌లో ఒక మిత్రుడు ల్యాప్‌టాప్ తెరిచి, యూరప్‌లోని ఒక ఆయుధ కంపెనీ షేర్ ధర గ్రాఫ్ చూపించాడు. ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలయ్యేదాకా పెద్దగా కదలని గీత, జర్మన్ చాన్సలర్ సైన్యానికి 10,000 కోట్ల యూరోల ప్రత్యేక నిధి ప్రకటించిన మర్నాడు నిటారుగా లేచింది. "యుద్ధం ఎవరికి కావాలో ఇంతకంటే రుజువేం కావాలి?" అన్నాడు. పక్కనున్న ఆవిడ ఆ గీత మీద వేలు పెట్టి, "ఇది లేచింది ట్యాంకులు సరిహద్దు దాటాక కదా. లాభపడినవాడే మొదలుపెట్టాడని ఇందులో ఎక్కడుంది?" అంది. ఇద్దరూ వామపక్షమే. ఇద్దరూ మార్క్స్ చదివినవాళ్లే. రెండు గంటలు గొంతు చించుకున్నాక తెలిసిందేమిటంటే, "ఆర్థిక కారణం" అనే ఒక్క మాటతో మేం నాలుగు వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నాం.

వామపక్ష సంప్రదాయంలో యుద్ధానికి ఆర్థిక విశ్లేషణ ఒకటి లేదు, చాలా ఉన్నాయి. ఒకదానికొకటి పడనివి కూడా. ఏది చేతబట్టాలో తేల్చుకోలేక సతమతమయ్యేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికంటే ముందు, మీ ప్రశ్న ఏమిటి? పెట్టుబడిదారీ వ్యవస్థలో యుద్ధాలు ఎందుకు ఆగవు అన్నది ఒక ప్రశ్న. ఈ యుద్ధం ఈ ఏడాదే ఎందుకు వచ్చింది అన్నది ఇంకో ప్రశ్న. ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది, లాభం ఎవరి జేబులోకి పోతోంది అన్నది మూడోది. మనం ఏ వైఖరి తీసుకోవాలి అన్నది నాలుగోది. మొదటిదానికి జవాబు దొరకగానే మిగతా మూడూ తేలిపోయాయనుకోవడం మన చర్చల్లో చాలా మామూలుగా జరిగే పొరపాటు.

రెండోది, ఏ ఆధారం దొరికితే మీ వాదన తప్పని ఒప్పుకుంటారు? యుద్ధం జరిగితే లాభం కోసం, ఆగితే కూడా లాభం కోసమే అని చెప్పగలిగే వాదన ఏ యుద్ధం గురించీ కొత్తగా ఏమీ చెప్పదు.

మూడోది నాకు చాలా ముఖ్యం. దాడికి గురైన జనానికి ఈ విశ్లేషణలో చోటుందా? లేక వాళ్లు పెద్ద రాజ్యాల చదరంగంలో పావులేనా? ఇక నాలుగోది, కావలసిన అంకెలు మామూలు పాఠకుడికి దొరుకుతాయా లేదా అన్నది.

| విశ్లేషణ | బాగా జవాబిచ్చే ప్రశ్న | తడబడే చోటు | చూడాల్సిన అంకెలు |
|---|---|---|---|
| లెనిన్, బుఖారిన్: గుత్త పెట్టుబడుల పోటీ | పెద్ద రాజ్యాలు ఎందుకు ఢీకొంటాయి | చిన్న యుద్ధాలు, ఎందుకు ఇప్పుడే అన్న ప్రశ్న | విదేశీ పెట్టుబడులు, దేశాల బలాబలాల్లో మార్పు |
| కౌట్‌స్కీ: అతి సామ్రాజ్యవాదం | పెద్ద రాజ్యాలు ఎందుకు చేతులు కలుపుతాయి | కలిసినవాళ్లు ఎందుకు విడిపోతారు | వాణిజ్య, పెట్టుబడి ఒప్పందాలు |
| లక్సెంబర్గ్, ఆ తర్వాత ఆయుధ ఆర్థికవ్యవస్థ వాదులు | ఎవరు కడుతున్నారు, ఎవరికి అందుతోంది | యుద్ధం ఎక్కడ, ఎవరి మీద | సైనిక బడ్జెట్, పన్నులు, ఆర్డర్లు |
| వనరుల వాదం: చమురు, గ్యాస్ | ఒక ప్రాంతం మీద అంత ఆసక్తి ఎందుకు | అంచనా వేసిన లాభం నిజంగా దక్కిందా | నిల్వలు, కాంట్రాక్టులు |
| రెండు తర్కాల వాదం | ఈ యుద్ధం, ఈ సమయంలో ఎందుకు | సూత్రంగా చెప్పడం కష్టం | పై అన్నీ, వాటితోపాటు రాజకీయ చరిత్ర |

లెనిన్, బుఖారిన్: పోటీ పెరిగి యుద్ధమవుతుంది

ఎక్కువమంది మొదట పట్టుకునేది రష్యన్ విప్లవ నాయకుడు లెనిన్, ఆయన సహచరుడు బుఖారిన్ చెప్పిన దీన్నే. 1916లో జ్యూరిక్‌లో ఉండగా లెనిన్ రాసిన సామ్రాజ్యవాదం పుస్తకం బ్రిటిష్ ఉదారవాద రచయిత హాబ్సన్ 1902లో వేసిన పునాది మీద, ఆస్ట్రియా మార్క్సిస్టు హిల్ఫర్డింగ్ 1910లో చేసిన ద్రవ్య పెట్టుబడి విశ్లేషణ మీద నిలబడింది. వాదన తేలిగ్గానే అర్థమవుతుంది. బ్యాంకులూ పరిశ్రమలూ కలిసి గుత్తాధిపత్యాలవుతాయి. మిగులు పెట్టుబడి దేశం దాటుతుంది. ప్రపంచాన్ని పంచుకోవడం అయిపోయాక, మళ్లీ పంచుకోవాలంటే బలమే కొలబద్ద. ఆ బలం అందరికీ ఒకే వేగంతో పెరగదు. అసమాన అభివృద్ధి అనే ఈ ముక్కే ఆ పుస్తకానికి ప్రాణమని నా అభిప్రాయం. బ్రిటన్‌తో పోలిస్తే అర్ధ శతాబ్దం కింద ఎందుకూ కొరగాని జర్మనీ దాన్ని దాటేసే స్థితికి వచ్చింది కదా, అలాంటప్పుడు పాత పంపకం ఎలా నిలుస్తుంది అని లెనిన్ అడుగుతాడు. నేటి అమెరికా, చైనాల పోటీని అర్థం చేసుకోవడానికి ఈ ప్రశ్న ఇప్పటికీ పదునుగానే ఉంది.

బలహీనత కూడా ఆ పుస్తకంలోనే, లెనిన్ ఇచ్చిన ఒక పట్టికలో కనిపిస్తుంది. 1910 ప్రాంతంలో విదేశాల్లో ఉన్న బ్రిటిష్ పెట్టుబడి 7,000 కోట్ల మార్కులని, అందులో 3,700 కోట్లు అమెరికా ఖండాల్లోనే ఉందని ఆయనే లెక్క చూపిస్తాడు. ఫ్రాన్స్ పెట్టుబడి 3,500 కోట్లలో 2,300 కోట్లు యూరప్‌లోనే ఉంది. అంటే డబ్బు ఎక్కువగా వెళ్లింది కెనడా, అమెరికా, అర్జెంటీనా, రష్యాలకు. 1880 తర్వాత తుపాకులతో ఆక్రమించిన ఉష్ణమండల ఆఫ్రికాకు వెళ్లింది కొద్దిగానే. పెట్టుబడి వెళ్లిన చోటికే సైన్యం వెళ్తుందని చదువుకున్నవాళ్లు ఈ పట్టిక ముందు కాసేపు ఆగాలి.

ఉక్రెయిన్ మీద చర్చల్లో ఇదే చిక్కు ఇంకో రూపంలో వచ్చింది. రష్యా పెట్టుబడి ఎగుమతులు అమెరికాతో పోలిస్తే చిన్నవి కాబట్టి అది సామ్రాజ్యవాద దేశం కాదని కొందరు, అంత సైన్యం ఉండి పొరుగు దేశాన్ని ఆక్రమించాక కాదనడం ఎలా అని ఇంకొందరు. లేబుల్ మీద గొడవ పెరిగి, దేశం మీద పడుతున్న బాంబుల సంగతి వెనక్కి పోయింది. సామ్రాజ్యవాదానికి లెనిన్ ఇచ్చిన లక్షణాల జాబితాను పరీక్ష పేపర్‌లా వాడితే వచ్చే నష్టం ఇదే.

హాబ్సన్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. దక్షిణాఫ్రికాలో బ్రిటన్ చేసిన బోయర్ యుద్ధం గురించి రాసేటప్పుడు ఆయన నేరాన్ని కొద్దిమంది యూదు ఫైనాన్షియర్ల మీదికి నెట్టాడు. వ్యవస్థను విమర్శించాల్సిన విశ్లేషణ "తెర వెనక ఎవరో ఉన్నారు" అనే వైపు జారితే అది జాతి ద్వేషానికి దారి తీస్తుంది. ఆర్థిక విశ్లేషణ చేస్తున్నామనుకుంటూ కుట్ర కథ చెప్పేవాళ్లను వామపక్షం లోపలే నిలదీయాలి.

కౌట్‌స్కీ: ఓడిపోయిందనుకున్న వాదన

1914 సెప్టెంబర్‌లో, యుద్ధం మొదలైన కొన్ని వారాలకే, జర్మన్ సోషలిస్టుల పెద్ద సిద్ధాంతకర్త కౌట్‌స్కీ వ్యాసం అచ్చయింది. కంపెనీలు పోటీపడి చివరికి మార్కెట్‌ను పంచుకునే కార్టెల్‌గా ఏర్పడినట్టే, రాజ్యాలు కూడా ఆయుధాల ఖర్చు భరించలేక కలిసి దోచుకునే కూటమి కట్టవచ్చన్నాడు. దానికి ఆయన పెట్టిన పేరే అతి సామ్రాజ్యవాదం. అది వచ్చిన సమయం చూసి అందరూ దాన్ని పక్కన పెట్టేశారు. కానీ 1945 తర్వాత అమెరికా, పశ్చిమ యూరప్, జపాన్ ఒకదానితో ఒకటి యుద్ధం చేయకపోవడాన్ని లెనిన్ కంటే కౌట్‌స్కీయే బాగా వివరిస్తాడు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అయితే ఆర్థిక సంబంధాలు పెరిగితే యుద్ధం రాదన్న ధీమా దీన్నుంచి తెచ్చుకోకూడదు. 2021లో యూరోపియన్ యూనియన్ దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో 40 శాతానికి పైగా రష్యాదే. అంత పెద్ద బేరం కూడా 2022 ఫిబ్రవరిని ఆపలేదు.

లక్సెంబర్గ్ నుంచి ఆయుధ ఆర్థికవ్యవస్థ దాకా

డబ్బు ఎటు పోతోందో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. 1913లో వచ్చిన తన పుస్తకం చివరి అధ్యాయంలో పోలండ్‌లో పుట్టి జర్మనీలో పనిచేసిన విప్లవకారిణి రోజా లక్సెంబర్గ్ సైనికవాదాన్ని పెట్టుబడికి ఒక కొత్త మార్కెట్‌గా చూస్తుంది. ఆమె చెప్పిన పద్ధతిని దగ్గర నుంచి చూడండి. పరోక్ష పన్నుల ద్వారా కార్మికుల కొనుగోలు శక్తిలో కొంత ప్రభుత్వం లాగేస్తుంది. లక్షలమంది వేర్వేరుగా, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు సరుకుల మీద పెట్టాల్సిన డబ్బు ఒకే కొనుగోలుదారు చేతిలో పెద్ద ఆర్డర్‌గా మారుతుంది. ఆ ఆర్డర్ జనం ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు. చట్టసభలూ పత్రికలూ కలిసి దాన్ని ఎంత కావాలంటే అంత పెంచగలవు. వందేళ్లు దాటినా ఈ వర్ణనకు తుప్పు పట్టలేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో టోనీ క్లిఫ్, మైకేల్ కిడ్రన్, అమెరికాలో బారన్, స్వీజీ అనే మార్క్సిస్టులు ఇదే దారిలో వేర్వేరు సిద్ధాంతాలు కట్టారు. ఆయుధాల ఖర్చే సంక్షోభాన్ని వాయిదా వేస్తోందని వాళ్ల వాదన. 1930ల మాంద్యం నుంచి అమెరికా పూర్తిగా బయటపడింది యుద్ధ ఉత్పత్తితోనే కాబట్టి దీనికి బలం ఉంది. కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. కొరియా యుద్ధకాలంలో స్థూల దేశీయోత్పత్తిలో 13 శాతం దాటిన అమెరికా సైనిక వ్యయం ఇప్పుడు 4 శాతం లోపే ఉంది. పైగా ఆయుధాల మీద తక్కువ ఖర్చు పెట్టిన పశ్చిమ జర్మనీ, జపాన్ ఆ రోజుల్లో అమెరికా కంటే వేగంగా ఎదిగాయి. కాబట్టి మొత్తం వ్యవస్థ ఆయుధాల మీదే నిలబడిందని ఈ రోజు చెప్పడం కష్టం. కొన్ని కంపెనీలు, కొన్ని నియోజకవర్గాలు, కొన్ని ఉద్యోగాలు దాని మీద నిలబడ్డాయని చెప్పడం సులభం, నిజం కూడా.

అంకెలు దొరకడంలో ఈ దారికి సాటి లేదు. స్టాక్‌హోమ్‌లోని శాంతి పరిశోధన సంస్థ సిప్రి లెక్క ప్రకారం 2024లో ప్రపంచ సైనిక వ్యయం 2.7 లక్షల కోట్ల డాలర్లు దాటింది. ఒక్క ఏడాదిలో 9.4 శాతం పెరుగుదల. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఇంత పెరుగుదల ఎన్నడూ లేదు.

చమురు కోసమేనా?

నినాదంగా దీన్ని మించింది లేదు. 2003లో ఇరాక్ మీద దాడికి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చిన లక్షలమంది దీన్నే పట్టుకున్నారు. వాళ్లు పూర్తిగా పొరబడ్డారని నేను అనను. చమురు లేని దేశమైతే ఇరాక్ మీద అంత పట్టుదల ఉండేది కాదు.

కానీ నినాదాన్ని విశ్లేషణగా వాడేముందు 2009 జూన్‌లో బాగ్దాద్‌లో జరిగిన వేలం చూడాలి. ఆ రౌండ్‌లో ఖాయమైన ఒకే ఒక్క క్షేత్రం రుమైలా బ్రిటన్‌కు చెందిన బీపీకి, చైనా ప్రభుత్వ కంపెనీ సీఎన్‌పీసీకి కలిపి దక్కింది. అదీ అదనంగా తీసిన ప్రతి బ్యారెల్‌కు 2 డాలర్ల రుసుము మీద. అమెరికన్ కంపెనీలకు తర్వాత కొంత వాటా వచ్చిన మాట నిజమే. కానీ చమురు దోచుకుపోవడానికే ఇంత యుద్ధం చేశారనే సూటి కథ ఇక్కడ నిలబడదు.

మార్క్సిస్టు భూగోళ శాస్త్రవేత్త డేవిడ్ హార్వే దీనికి మెరుగైన రూపం ఇచ్చాడు. అమెరికాకు కావలసింది తన ఇంటికి చమురు తెచ్చుకోవడం కంటే, యూరప్, జపాన్, చైనాలకు వెళ్లే చమురు కుళాయి మీద చెయ్యి ఉంచుకోవడం అన్నాడు. ఇది గట్టి వాదనే. కాకపోతే ఇలా చెప్పగానే మనం చమురు బేరం నుంచి రాజ్యాల ఆధిపత్య రాజకీయాల్లోకి వచ్చేశాం. ఆ సంగతి గమనించుకోవాలి.

రెండు తర్కాలు: నేను ఎక్కువగా వాడేది

పెట్టుబడికి ఒక తర్కం, రాజ్యానికి, భూభాగానికి ఇంకో తర్కం. రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి, ఒకటి ఇంకోదానికి తోలుబొమ్మ కాదు. ఇటలీ సామాజిక శాస్త్రవేత్త జొవాన్నీ అరీఘి, హార్వే ఇద్దరూ ఈ మాట వేర్వేరుగా చెప్పారు. వాళ్ల కంటే ముందే, 1966లో, బ్రిటిష్ మార్క్సిస్టు చరిత్రకారుడు టిమ్ మేసన్ నాజీ జర్మనీ మీద ఇలాంటి చర్చే రేపాడు. 1936 తర్వాత అక్కడ రాజకీయాలే పైచేయి సాధించాయని, పారిశ్రామికవేత్తలు లాభపడుతూనే నిర్ణయాల మీద పట్టు కోల్పోయారని ఆయన వాదన. ఫాసిజం ద్రవ్య పెట్టుబడి నియంతృత్వమేనని 1935లో కమ్యూనిస్టు అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన నిర్వచనానికి కట్టుబడిన తూర్పు జర్మనీ చరిత్రకారులు గట్టిగా ఎదురు తిరిగారు. నా మటుకు నాకు మేసన్ ఆ చర్చలో మార్క్సిజాన్ని వదల్లేదు, దాన్ని నిజాయితీగా పరీక్షకు పెట్టాడు.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో వియత్నాం యుద్ధం చూపిస్తుంది. అమెరికా కంపెనీలకు వియత్నాంలో ఉన్న వ్యాపారం యుద్ధ ఖర్చు ముందు లెక్కలోకే రాదు. కాబట్టి ఎందుకు వెళ్లారన్నదానికి డబ్బు ఒక్కటే జవాబు కాదు. కానీ ఎందుకు వెనక్కి తగ్గడం మొదలుపెట్టారన్నదానికి? 1968 మార్చి చూడండి. డాలర్ మీద నమ్మకం పోయి బంగారం కోసం ఎగబడటంతో మార్చి 15న అమెరికా కోరిక మీద లండన్ బంగారం మార్కెట్ మూసేశారు. పది రోజుల్లో, అంతవరకు యుద్ధాన్ని సమర్థించిన పెద్ద తలకాయల్లో చాలామంది అధ్యక్షుడు జాన్సన్‌కు వెనక్కి తగ్గమని సలహా ఇచ్చారు. మార్చి 31న ఆయన బాంబుదాడులు తగ్గిస్తున్నట్టు, మళ్లీ పోటీ చేయనని ప్రకటించాడు. ఆ ఏడాది మొదట్లో వియత్నాం విప్లవ సేనలు చేసిన టెట్ దాడి, వియత్నామీయుల పోరాటం, వీధుల్లో నిరసన, బంగారం మార్కెట్ అన్నీ ఆ నిర్ణయంలో ఉన్నాయి. అంతకుముందున్న దారులను ఆర్థిక ఒత్తిడి ఒక్కొక్కటే మూసేసింది.

దీని లోపం దీనికీ ఉంది. రెండు తర్కాలూ ఎప్పుడు ఎంత పాళ్లలో కలుస్తాయో ముందుగా చెప్పదు. బద్ధకంగా వాడితే "అన్నీ కారణాలే" అనే దగ్గర ఆగిపోతుంది.

విశ్లేషణ ఒకటే అయినా వైఖరి ఒకటి కాదు

1912లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో యుద్ధాన్ని అడ్డుకుంటామని తీర్మానించిన సోషలిస్టు పార్టీల్లో జర్మన్ సోషల్ డెమోక్రాట్లు ముందు వరుసలో ఉన్నారు. హిల్ఫర్డింగ్, కౌట్‌స్కీ, లక్సెంబర్గ్ అందరూ అప్పటికి ఆ పార్టీవాళ్లే. ప్రపంచంలో అంత ఆర్థిక విశ్లేషణ ఇంకే పార్టీకీ లేదు. 1914 ఆగస్టు 3న ఆ పార్టీ పార్లమెంటు సభ్యులు గదిలో కూర్చుని ఓటు వేస్తే, యుద్ధ రుణాలకు అనుకూలం 78, వ్యతిరేకం 14. వ్యతిరేకించిన పార్టీ నాయకుడు హాసేతోనే మర్నాడు సభలో సమర్థన ప్రకటన చదివించారు.

ఇంకో ఉదాహరణ. జూనియస్ అనే కలం పేరుతో లక్సెంబర్గ్ రాసిన కరపత్రం, సామ్రాజ్యవాద యుగంలో జాతీయ యుద్ధాలకు చోటు లేదంది. 1916లో లెనిన్ ఆ కరపత్రాన్ని ఎంతో మెచ్చుకుంటూనే ఇక్కడ తప్పు పట్టాడు. సామ్రాజ్యవాదుల మీద చిన్న జాతులు చేసే యుద్ధాలు సాధ్యమే, న్యాయమే అన్నాడు. వ్యవస్థ గురించి ఇద్దరిదీ దాదాపు ఒకే అంచనా, స్వయం నిర్ణయాధికారం దగ్గర వేర్వేరు జవాబులు. అలాగే 1939లో "సామ్రాజ్యవాద యుద్ధం" అన్న కమ్యూనిస్టు పార్టీలు, భారత పార్టీతో సహా, సోవియట్ యూనియన్ మీద నాజీ దాడి తర్వాత "ప్రజాయుద్ధం" అన్నాయి. ఆ మధ్యలో బ్రిటన్ ఆర్థికవ్యవస్థ స్వభావమేమీ మారలేదు.

మీకు ఏది?

*కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్లు* లెనిన్‌ను, కౌట్‌స్కీని పక్కపక్కనే పెట్టుకుని చదవండి. ఒక్కరినే చదివితే అది మతగ్రంథమైపోతుంది. తర్వాత ఏదో ఒక్క యుద్ధం తీసుకుని ఇద్దరినీ దాని మీద పరీక్షించండి.

*యూనియన్లలో పనిచేసేవాళ్లకు* నిస్సందేహంగా లక్సెంబర్గ్ దారి. ముఖ్యంగా మీ సభ్యుల్లో ఆయుధ కర్మాగారాల కార్మికులుంటే. "యుద్ధం ఆగితే మా ఉద్యోగాలు పోతాయి" అనే టెన్షన్ నిజమైనది, దాన్ని ఉపన్యాసంతో కొట్టిపారేయకూడదు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన పాలిన్, గారెట్ పెల్టియర్ 2011లో వేసిన లెక్క చేతికి తీసుకోండి. 100 కోట్ల డాలర్లు సైన్యం మీద పెడితే అమెరికాలో సుమారు 11,200 ఉద్యోగాలు వస్తాయి. అదే డబ్బు విద్య మీద పెడితే సుమారు 26,700. దాంతోపాటు 1976లో బ్రిటన్‌లోని లూకాస్ ఏరోస్పేస్ కార్మిక ప్రతినిధులు తయారుచేసిన ప్రణాళిక చూడండి. తమ యంత్రాలతో, తమ నైపుణ్యంతో కిడ్నీ యంత్రాల నుంచి హీట్ పంపుల దాకా 150 వస్తువులు చేయగలమని వాళ్లే రాసి చూపించారు. యాజమాన్యం కాదంది. కానీ ఆ కాగితాలు ఇప్పటికీ పనికొస్తాయి.

*వీధి ప్రచారం చేసేవాళ్లు* చమురు నినాదం వాడుకోవచ్చు, "చమురు కోసం మాత్రమే" అనకండి. కాంట్రాక్టుల జాబితా చూపించి ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబుండాలి. 1982లో ఫాక్‌లాండ్స్ మీద అర్జెంటీనా, బ్రిటన్ యుద్ధం చేశాయి. రెండు వేలమంది కూడా లేని, గొర్రెల పెంపకం మీద బతికే దీవులవి. అక్కడ వనరుల కోసం వెతికేవాళ్లకు, అర్జెంటీనాలో కూలుతున్న సైనిక ప్రభుత్వం కనిపించకుండా పోతుంది.

*సంఘం తరఫున ప్రకటన రాయాల్సినవాళ్లది* అన్నిటికంటే కష్టమైన పని. రెండు తర్కాల పద్ధతి తీసుకోండి, కానీ కారణాలు ఒక పేరాలో, ఖర్చులు ఒక పేరాలో, వైఖరి ఇంకో పేరాలో రాయండి. మొదటి పేరా నుంచి మూడోదానికి "కాబట్టి" అనే మాటతో దూకకండి. మూడోదానికి వేరే ప్రశ్నలు అడగాలి: ఎవరి ఊళ్ల మీద బాంబులు పడుతున్నాయి, వాళ్లేం అడుగుతున్నారు, మన ప్రభుత్వాన్ని మనం ఏం ఆపమనగలం.

మా సర్కిల్ 2022లో ప్రకటన రాసినప్పుడు కారణాల పేరాకు ఒక సాయంత్రం సరిపోయింది, వైఖరి పేరాకు నాలుగు ఆదివారాలు పట్టింది. ఆ మిత్రుడు గ్రాఫ్ పెట్టాల్సిందేనని పట్టుబట్టాడు. పెట్టాం. కారణాల పేరాలో కాదు, ఖర్చుల పేరాలో, 10,000 కోట్ల యూరోల అంకె పక్కన. దాని కింద శీర్షిక రాసింది ఆ రోజు గీత మీద వేలు పెట్టిన ఆవిడే.